ఏమీ వండుకోని ఇంటికి ఒక డబ్బా

వాక్యభాగం: నెహెమ్యా 8వ అధ్యాయం, 9 నుండి 12 వచనాలు



డిసెంబరు వచ్చిందంటే మన సహవాసాల వాట్సాప్ గ్రూపుల్లో ప్రార్థన అంశాల మధ్య వేరే ప్రశ్నలు మొదలవుతాయి. మంచి బెల్లం ఏ షాపులో దొరుకుతోంది? గులాబీ పువ్వుల అచ్చు ఎవరి దగ్గరుంది? కిందటేడు జంతికల గొట్టం తీసుకెళ్ళినవాళ్ళు దయచేసి తెచ్చి ఇవ్వగలరు. మెల్‌బోర్న్‌లో టార్నీట్ అయినా, సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్ అయినా ఇదే వరస. బయట 38 డిగ్రీల ఎండ, లోపల పొయ్యి మీద మూకుడు, స్మోక్ అలారం ఎక్కడ కూస్తుందోనని దాని కింద తువ్వాలు విసురుతూ నిలబడ్డ ఇంటాయన. ఈ దేశంలో మన క్రిస్మస్ ఇలా ఉంటుంది.

ఈసారి ఈ పిండివంటల గురించే వాక్యంలోంచి ఆలోచించమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఇది వంటల శీర్షికలో రావలసిన సంగతి కదా అని కొందరికి అనిపించవచ్చు. కానీ పండుగ రోజున తినేవి ఇంకొకరికి పంపమని చెప్పే వచనం బైబిల్లో ఉంది. అందులో చివరి భాగం మనలో చాలామందికి కంఠతా వచ్చు. దేవునిలో సంతోషించడమే మనకు బలం అన్న ఆ మాటను క్యాలెండర్ల మీద వేసుకున్నాం, హాల్లో గోడకు అంటించుకున్నాం, పెళ్ళి కార్డుల మీద అచ్చు వేయించుకున్నాం. అదే వచనంలో దానికి ముందున్న మాట మాత్రం ఏ గోడ మీదా కనబడదు. తమకోసం ఏమీ సిద్ధం చేసుకోనివాళ్ళకు వంతులు పంపమని అక్కడ ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి చూడండి. ఏడవ నెల మొదటి దినం. యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట ఉన్న మైదానంలో పురుషులు, స్త్రీలు, విని గ్రహించగలిగిన వాళ్ళందరూ చేరారు. ఎజ్రా తెల్లవారినప్పటి నుండి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు జనం మధ్య తిరుగుతూ అర్థం చెప్పారు. వింటున్నవాళ్ళకు ఏడుపు వచ్చింది. అప్పుడు నెహెమ్యా, ఎజ్రా, లేవీయులు వాళ్ళను ఊరుకోబెట్టి, ఇది పరిశుద్ధ దినం, ఇళ్ళకు వెళ్ళి మంచి భోజనం చేయండి, తియ్యనివి తాగండి, ఏమీ సిద్ధం చేసుకోని వాళ్ళకు పంపండి అని చెప్పారు. పన్నెండవ వచనం చదివితే జనం అలాగే చేశారని తెలుస్తుంది. ఎందుకు చేశారంటే తమకు చెప్పిన మాటలు వాళ్ళకు అర్థమయ్యాయట. అరపూట సాగిన ప్రసంగం అర్థమైందనడానికి గుర్తు ఏమిటంటే, వీధిలో మూత పెట్టిన గిన్నెలు ఒక ఇంటినుండి ఇంకో ఇంటికి నడిచాయి. ప్రసంగాలు చేసేవాళ్ళం ఈ కొలత దగ్గర కాస్త ఆగి ఆలోచించుకోవాలి.

ఇంతకీ ఏమీ సిద్ధం చేసుకోని ఆ మనుషులు ఎవరు? సోమరులేమో అనుకోకండి. మూడు అధ్యాయాలు వెనక్కి తిప్పి అయిదవ అధ్యాయం చదవండి. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు తాకట్టు పెట్టినవాళ్ళు అక్కడ ఉన్నారు. రాజుకు కట్టవలసిన పన్ను కోసం అప్పు తెచ్చినవాళ్ళు, కొడుకులను కూతుళ్ళను దాస్యానికి అప్పగించవలసి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ మైదానంలో నిలబడ్డ జనంలో వీళ్ళు కూడా ఉండే ఉంటారు. ఇంటికి వెళ్ళి మంచి భోజనం చేయమంటే, ఏ ఇంటికి, దేనితో?

పొలం తాకట్టు అనగానే మీకు ఎవరో గుర్తుకు వచ్చి ఉంటారు. మన సంఘంలో వెనక వరసలో కూర్చుని, ఆరాధన అయిపోగానే భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయే ఆ కుర్రాడు. పల్నాడులోనో నల్గొండలోనో వాళ్ళ నాన్న రెండెకరాల కాగితాలు బ్యాంకులో పెట్టి కట్టిన ఫీజుతో ఇక్కడికి వచ్చాడు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదు. సెలవుల్లో ఆ హద్దు ఉండదు. కాబట్టి డిసెంబరు అంటే వాళ్ళకు పని నెల. క్రిస్మస్ రోజున పబ్లిక్ హాలిడే కనుక గంటకు వచ్చే డబ్బు ఎక్కువ. షిఫ్ట్ దొరికితే ఎవరు వదులుకుంటారు? ఆ రోజు అతను చర్చికి రాలేదని విశ్వాసాన్ని తూకం వేసేవాళ్ళు మనలో ఉన్నారు. ఆ తూకం పక్కన పెట్టి, షిఫ్ట్ ముగిసి రాత్రి పదకొండింటికి గదికి వెళ్ళినప్పుడు ఫ్రిజ్‌లో ఏముంటుందో ఆలోచించండి.

రాత్రంతా పని చేసినవాళ్ళ కోసం మన ప్రభువే పొయ్యి వెలిగించాడు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో శిష్యులు రాత్రంతా శ్రమపడి ఏమీ దొరక్క ఒడ్డుకు వస్తున్నారు. మరణాన్ని గెలిచి లేచినవాడు తెల్లవారుజామున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి ఉంచాడు. మూడుసార్లు తనను ఎరగనన్న పేతురు కూడా ఆ పడవలో ఉన్నాడని తెలిసే చేశాడు. ముందు తినమని పిలిచాడు. పేతురుతో మాట్లాడవలసిన మాటలు తిన్న తర్వాత మాట్లాడాడు. ఏజ్డ్ కేర్‌లో నైట్ షిఫ్ట్ చేసే అక్కలు, గోడౌన్లలో సామాను సర్దే తమ్ముళ్ళు, పండుగ రాత్రి టాక్సీ నడిపే అన్నలు ఈ అధ్యాయాన్ని మనకంటే బాగా అర్థం చేసుకుంటారు.

ఇక్కడ ఇంకొక ఇంటిని కూడా తలుచుకోవాలి, నా మనసులో ఎక్కువ బరువుగా ఉన్నది అదే. మన తెలుగు ఇళ్ళల్లో మనిషి పోయిన ఏడాది పండక్కి మూకుడు పెట్టరు. క్రైస్తవ కుటుంబాల్లోనూ చాలామంది ఆ ఏడు పిండివంటలు చేసుకోరు, కొత్త బట్టలు కట్టుకోరు, గుమ్మానికి స్టార్ వేలాడదీయరు. దీన్ని మూఢాచారమని కొట్టిపారేయనక్కర్లేదు. దుఃఖానికి కూడా ఒక మర్యాద ఉంటుంది. మన ఊళ్ళల్లో ఆ మర్యాదకు ఇంకో సగం ఉంది. ఆ ఇంట్లో చేసుకోరు కనుక బంధువులు, ఇరుగుపొరుగు చేసి తెచ్చి పెడతారు. పిల్లలు పండుగ పూట నోరు తీపి చేసుకోకుండా ఉండరు. ఇక్కడికి వచ్చేటప్పుడు మనం మొదటి సగాన్ని మాత్రమే సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాం. తండ్రి అంత్యక్రియలు ఫోను తెరమీద చూసి, రెండు రోజుల తర్వాత ఆఫీసుకు వెళ్ళిన మనిషి మన మధ్య ఉన్నాడు. వాళ్ళింట్లో ఈసారి స్టార్ లేదు. వాళ్ళు బాధలో ఉన్నారు, ఇబ్బంది పెట్టకూడదులే అని మనం అటు వెళ్ళలేదు. ఏమీ సిద్ధం చేసుకోని ఇల్లు అని నెహెమ్యా చెప్పినప్పుడు అక్షరాలా ఇలాంటి ఇల్లే నాకు కనబడుతుంది. ఆ మాట ఏడుస్తున్న జనంతో చెప్పిందని మరచిపోకండి.

మరి మన డబ్బాలు ఇప్పుడు ఎటు తిరుగుతున్నాయి? ఉన్నమాట చెప్పుకుందాం. మీరు నాలుగిళ్ళకు పంపుతారు, ఆ నాలుగిళ్ళవాళ్ళు మీకు పంపుతారు. జనవరి వచ్చేసరికి ఎవరి డబ్బాలో ఎవరి అరిసెలు ఉన్నాయో ఎవరికీ తెలియదు. అందులో తప్పేమీ లేదు, అదొక సంతోషం. దావీదు మందసాన్ని తెచ్చిన రోజున స్త్రీ పురుషులని చూడకుండా ప్రతి ఒక్కరికీ రొట్టెతో పాటు ఎండు ద్రాక్షపండ్ల అడ కూడా పంచిపెట్టాడని రెండవ సమూయేలు 6వ అధ్యాయంలో ఉంది. ఎస్తేరు కాలంలో పూరీము పండుగ ఏర్పడినప్పుడు ఒకరికొకరు వంతులు పంపుకోవడం, బీదలకు కానుకలివ్వడం రెండూ కలిపే నియమించారు. యూదులు ఇప్పటికీ ఆ రోజున ఒకరికైనా కనీసం రెండు రకాల తినుబండారాలు పంపుతారు, కనీసం ఇద్దరు బీదలకు ఇస్తారు. మెల్‌బోర్న్‌లో కాల్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్ళు పూరీము రోజున ఆ బుట్టలు చూసే ఉంటారు. రెండింటిలో ఒకటి చేసి రెండోది వదిలితే పండుగ సగమే. మనం ఆ మొదటి సగం దగ్గర ఆగిపోయాం. తిరిగి ఇవ్వగలిగినవాళ్ళకు పెడితే ఆ లెక్క అక్కడితో చెల్లిపోతుందని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో చెప్పాడు కదా.

ఈ దేశపు క్రిస్మస్ ఆచారాల్లో ఒకటి ఇలా ఒంటరి మనిషిని ఒకరు చూడడం వల్లే పుట్టింది. 1937 క్రిస్మస్ రోజుల్లో మెల్‌బోర్న్‌లో నార్మన్ బ్యాంక్స్ అనే రేడియో అనౌన్సరు రాత్రి పని ముగించుకుని నడిచి వెళ్తుంటే, ఒక కిటికీలో కొవ్వొత్తి వెలుగులో ఒంటరిగా కూర్చుని రేడియోలో క్రిస్మస్ పాట వింటున్న ముసలావిడ కనబడిందట. ఆవిడలాంటి వాళ్ళు ఈ ఊళ్ళో ఎందరున్నారో అనుకున్నాడు. మరుసటేడు 1938లో అలెగ్జాండ్రా గార్డెన్స్‌లో జనాన్ని పోగుచేసి కొవ్వొత్తుల వెలుగులో పాడించాడు. ఇప్పుడు ఏటా క్రిస్మస్ ముందురోజు రాత్రి సిడ్నీ మైయర్ మ్యూజిక్ బౌల్‌లో జరుగుతూ మనం టీవీలో చూసే క్యారల్స్ బై క్యాండిల్‌లైట్ అలా మొదలైంది. ఆ దారిన ఆ రాత్రి ఇంకెందరు నడిచి ఉంటారో!

ఇక పిండివంటల సంగతికి వద్దాం. ఇండియా నుండి అమ్మ చేసి పంపితే బాగుండునని ప్రతి ఏటా అనుకుంటాం. ఎయిర్‌పోర్టులో దిగగానే తినే వస్తువులన్నీ కార్డులో ప్రకటించాలి, పాలతో చేసిన మిఠాయిల విషయంలో ఈ దేశపు నియమాలు చాలా కఠినం. ఒకందుకు ఇది మంచిదే అంటాను. దొరకనిది మనమే చేసుకోవాలి, చేసుకోవాలంటే మనుషులు కావాలి.

ముఖ్యంగా అరిసెలు. అవి ఒక్కరితో అయ్యే పని కాదని చేసినవాళ్ళకు తెలుసు. షాపులో దొరికే పొడి బియ్యప్పిండి పనికిరాదు. బియ్యం ఒక రోజంతా నానబెట్టి, నీళ్ళు వడకట్టి, తడి ఆరకముందే మిక్సీ పట్టి జల్లించాలి. బెల్లం పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తని ఉండగా చేతికి రావాలి. ముదిరితే అరిసె రాయి, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. పాకం దించగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. ఒకరు చలిమిడి తీసుకుని వత్తాలి, ఒకరు వేయించాలి, ఒకరు రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. అందుకే మన ఊళ్ళల్లో అరిసెలు వండే రోజు వీధంతా ఒకే ఇంట్లో ఉండేది.

నా మనవి ఏమిటంటే, ఆ వెనక వరస కుర్రాడికి డబ్బా పంపడం కంటే ముందు అతన్ని వంటకే పిలవండి. శనివారం మధ్యాహ్నం షిఫ్ట్ లేని ఇద్దరు ముగ్గురిని పిలిచి చెక్కలు చేతికివ్వండి. ఆ పని మగపిల్లలు బలంగా చేస్తారు, మొదటి పది అరిసెలు అక్కడే తినేస్తారు, తిననివ్వండి. గులాబీ పువ్వులు చేయిస్తుంటే అచ్చును ముందు నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతిక వంతే ముంచమని చెప్పండి. పూర్తిగా మునిగితే పువ్వు ఊడి రాదు. చేతులు పనిలో ఉంటే మనుషులు మాట్లాడతారు. ఎలా ఉన్నావు బాబూ అని చర్చి గుమ్మం దగ్గర అడిగితే బాగున్నానండీ అనే జవాబు వస్తుంది. అదే ప్రశ్న రెండో గంటలో, పొయ్యి పక్కన, అతని తల ఆ చెక్కల మీదికి వంగి ఉన్నప్పుడు అడగండి. అద్దె కట్టలేదనో, ఆరు నెలలుగా ఇంట్లో నిజం చెప్పలేదనో అప్పుడు బయటికి వస్తుంది. తెలంగాణ అక్కలు సకినాలు చుట్టేటప్పుడు కూడా ఇంతే, గుడ్డ మీద చుట్టు తిప్పుతూ ఒకరి ఇంటి సంగతి ఒకరు విప్పుకుంటారు.

అన్ని ఇళ్ళల్లో ఇంత హంగు కుదరదు. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు వేయించనివి చేయండి. సున్నుండలు, ఎండు కొబ్బరి ఉండలు, మరమరాల ఉండలు చాలు. ఈ దేశంవాళ్ళు వైట్ క్రిస్మస్ అని చేసుకునేది కూడా మరమరాల ఉండకు దూరపు చుట్టమే. రైస్ బబుల్స్, కొబ్బరి పొడి, పాలపొడి, ఎండు పండ్లు కలిపి, కరిగించిన కొబ్బరి కొవ్వు పోసి ముక్కలు కోస్తారు. పక్కింటావిడను అడిగి నేర్చుకోండి, ఆమెకు మీ ఉండ నేర్పండి. పెరట్లో స్టవ్ పెట్టుకునేవాళ్ళు, టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజుల్లో మీ రాష్ట్రంలో ఏది చేయవచ్చో ముందే చూసుకోండి. నేతి ఉండలు, కోవా ఎండలో కారులో వదలకండి. అరిసెలు, జంతికలు, గవ్వలు తట్టుకుంటాయి.

చేతిలో అంత డబ్బు లేదనేవాళ్ళకు మన పల్లెటూరి సంఘాల తల్లులను గుర్తుచేస్తాను. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారి ఒక గుప్పెడు తీసి ప్రభువు కోసం పక్కన వేసేవాళ్ళు. వాళ్ళ కుండలోనూ మిగులు ఉండేది కాదు.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి నచ్చకపోవచ్చు. మన సహవాసాలు ఈ దేశంలో చీలినంతగా ఇంకేవీ చీలలేదేమో. పాస్టరుగారి విషయంలో ఒకసారి, హాలు అద్దె విషయంలో ఒకసారి, క్రిస్మస్ కార్యక్రమంలో ఎవరి పిల్లలు ఎక్కడ నిలబడాలన్న దాని మీద ఇంకోసారి. ఒకప్పుడు ఒకే వంటింట్లో పాకం కలిపిన ఇద్దరు ఆడవాళ్ళు ఇప్పుడు ఇండియన్ షాపులో బెల్లం దగ్గర ఎదురైతే పప్పుల వరసలోకి తిరిగిపోతున్నారు. వాళ్ళింట్లో పిండివంటలు ఉంటాయి, కొరత లేదు. కానీ మీ ఇంటి నుండి వచ్చే వంతు కోసం వాళ్ళు ఏమీ సిద్ధపడి లేరు. ఈ ఏడు మీరు చేసే డబ్బాల్లో అన్నిటికంటే బరువైనది అదే అవుతుంది. లోపల రాజీ లేఖ పెట్టకండి, ఎవరిది తప్పో రాయకండి. పేతురుకు ప్రభువు మొదట చేపే పెట్టాడు.

అలాగే హిందువులైన, ముస్లిములైన, ఏ మతమూ లేని ఇరుగుపొరుగు విషయం. డబ్బాలో కరపత్రం మడిచి పెట్టే అలవాటు మనకుంది. నా మట్టుకు నాకు అది ఇష్టం లేదు. మిఠాయిని గాలానికి గుచ్చితే తినేవాడికి ముల్లు తెలుస్తుంది. ఇది మా క్రిస్మస్, మీకోసం చేశాం అని నోటితో చెప్పండి. ఎందుకు చేశారని వాళ్ళు అడిగితే అప్పుడు పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం చెప్పినట్టు సాత్వికంతో జవాబివ్వడానికి సిద్ధంగా ఉండండి. అడగకపోతే, తిని సంతోషించనివ్వండి. గులాబీ పువ్వుల్లో గుడ్డు ఉంటుందని, తిననివాళ్ళు ఉంటారని గుర్తుంచుకోవడం కూడా ప్రేమలో భాగమే. షుగరు ఉన్న పెద్దవాళ్ళకు జంతికలు, చెక్కలు వేరుగా కట్టండి. అవి కూడా కాస్తే.

చివరగా ఒక చిన్న సంగతి. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది మన పెద్దల మర్యాద. మంచి మర్యాదే, కానీ ఏమీ లేని మనిషికి అది అప్పు అవుతుంది. మీ స్టీలు డబ్బా చూసిన ప్రతిసారి, దీన్ని ఏం పెట్టి తిరిగి ఇవ్వాలని ఆ కుర్రాడు, ఆ దుఃఖంలో ఉన్న తల్లి లోలోపల లెక్కవేసుకుంటారు. కాబట్టి రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బాలు కడిగి ఆరబెట్టి పెట్టుకోండి. అందులో పెట్టి, గుమ్మం దగ్గర వదిలేయకుండా చేతికివ్వండి. ఇంట్లోకి రమ్మంటే పది నిమిషాలు కూర్చోండి, ఫోను లోపల పెట్టుకుని. మూత మీద మీ పేరు రాయకండి. ఎలర్జీలు ఉన్నవాళ్ళ కోసం లోపల వేసినవి మాత్రం పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి: పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, పాలు, గోధుమ, గుడ్డు.

ప్రభువు మీ పొయ్యిని, మీ చేతులను దీవించును గాక. ఆమేన్.